పదకొండు ప్రశ్నల కాగితం

ఫనువాలీ ఆరోగ్యకేంద్రం,
సోమవారం, 11 ఆగస్టు 1997

తమ్ముడూ ఫాతూ,

దేవుని తల్లి నిన్ను కాపాడుగాక.

ఈ ఉత్తరం తొమ్మిది గంటల పడవలో సిస్టర్ అగాతాకి పంపుతున్నాను. ఖైదీలకు ప్రార్థన చెప్పించడానికి వెళ్ళే ఆవిడ సంచీ ఎవరూ విప్పి చూడరు. నువ్వు రాసింది కూడా ఆవిడకే ఇవ్వు. ఇక్కడ టెలిఫోన్ ఉన్నా అది రోగుల కోసం.

బీచి బసలో దిగిన ఆ తెల్లవాడు గ్లెన్ బతికే ఉన్నాడు. ముందు నీకు అది చెప్పాలి. చెవి వెనక ఎముక పగిలి లోపలికి దిగింది. నిన్న నిన్ను పోలీసు పడవ ఎక్కించాక డాక్టరు వచ్చి చూశాడు. లోపల రక్తం గడ్డ కడుతోందట. తల తెరవాలి. అది మన దీవిలో కాదు, ఆపియా పెద్దాసుపత్రిలోనూ కాదు, ఆక్లాండ్‌లోనే అవుతుంది. మూడు రోజులు దాటితే ఇక తీసుకెళ్ళనక్కర్లేదు అన్నాడు. ఊపిరి గురకలా వస్తోంది. లగీ నర్సు గంటగంటకీ రెప్పలు ఎత్తి టార్చి వేసి చూస్తోంది.

విమానం రావాలంటే అతని ఇన్సూరెన్సు కంపెనీ సరే అనాలి. వాళ్ళు ఫ్యాక్స్‌లో ఒక ఫారం పంపారు. పదకొండు ప్రశ్నలు. ఇక్కడికి వచ్చి దెబ్బ తగిలించుకున్న ప్రతి పలాంగి, ప్రతి తెల్లవాడి ఫారమూ నింపేది నేనే కదా. పగడం గీరుకుంది, చేపముల్లు దిగింది, కొబ్బరికాయ భుజం మీద పడింది. అవన్నీ చూడకుండా రాయగలను. ఇది రాయలేకపోతున్నాను.

ఏడో ప్రశ్న: గాయపడిన మనిషి తాగి ఉన్నాడా? ఎనిమిదో ప్రశ్న: గొడవ అతనే మొదలుపెట్టాడా? ఈ రెండింట్లో ఏ ఒక్కదానికి అవునని రాసినా విమానం రాదు. పాలసీలో అలాగే ఉంది. రెండుసార్లు చదివాను.

జవాబు నీకూ తెలుసు, నాకూ తెలుసు. సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదాక, ఊరంతా ఇళ్ళలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, అతను సీసా పట్టుకుని పాడుకుంటూ దారి మధ్యలో వచ్చాడు. నాన్న ఎదురువెళ్ళి "కూర్చో బాబూ, ప్రార్థన అయ్యేదాకా" అన్నాడు. అతను సీసాతో నాన్న మూతి మీద కొట్టాడు. ప్రార్థన వేళ ఎవరూ తిరగకుండా దారికి కాపలా ఉన్న కుర్రాళ్ళలో నువ్వున్నావు. మైదానం నుంచి నేరుగా వచ్చావు, బ్యాట్ ఇంకా చేతిలోనే ఉంది.

ఉన్నది రాస్తే అతను ఈ మంచం మీదే పోతాడు. అప్పుడు నువ్వు హంతకుడివి. లేనిది రాస్తే అతను బతకొచ్చు. అప్పుడు తన దారిన తాను పోయేవాణ్ణి నువ్వు ఊరికే కొట్టినట్టు, నా సంతకంతో సహా.

మధ్యాహ్నం పన్నెండుకి పంపాలి. నీ జవాబు అప్పటికి రాదని తెలిసీ అడుగుతున్నాను, ఏం రాయమంటావు?

నాన్న మూతి వాచింది. రెండు పళ్ళు పోయాయి. కొబ్బరి నీళ్ళు తప్ప ఏదీ దిగడం లేదు. అమ్మ పెట్టెలోని పాత చాపలన్నీ తీసి దులుపుతోంది. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

నీ అక్క,
సిసిలియా


ఆపియా, లాకప్
మంగళవారం 12

అక్కా,

సిస్టర్ పది నిమిషాలిచ్చింది. అక్షర దోషాలు దిద్దుతూ కూర్చోకు.

ఏం రాయాలా? ఇదా అడగాల్సిన మాట! తొమ్మిదేళ్ళు కాన్వెంటులో తెల్ల మేజోళ్ళు వేసుకుని చదివింది ఇందుకా? ఉన్నది రాయి. పెద్దక్షరాలతో రాయి. తాగాడు. వాడే మొదలుపెట్టాడు. మా నాన్న పళ్ళు రాలగొట్టాడు. మా తమ్ముడు ఒక్క దెబ్బ వేశాడు అని రాయి. ఒక్కటే. దానికే కూలిపోతే నేనేం చేసేది?

చస్తాడని భయపడకు. పలాంగులు అంత తేలిగ్గా పోరు. పోయిన ఏడు ఆ లావుపాటాయన పడవ ఇంజను రెక్కకి తొడ చీరుకుని, లగీ కుట్లు వేస్తుంటే బీరు చల్లగా ఉందా అని అడిగాడు, మర్చిపోయావా?

ఇక్కడ గదికి పద్నాలుగు మందిమి. సవాయీ దీవి వాడొకడు "దేంతో కొట్టావురా?" అన్నాడు. బ్యాటుతో అన్నా. "ఎన్ని పరుగులొచ్చాయి?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి ముక్కు పగలగొట్టా. తర్వాత వాడి అన్నదమ్ములిద్దరూ నన్ను గోడకి నొక్కి డొక్కలో గుద్దారు. ఎడమ పక్కకి తిరిగి పడుకోలేను, అంతే. ఇప్పుడు ఆ ముక్కువాడూ నేనూ ఒకే పళ్ళెంలో చేమదుంప తింటున్నాం.

అక్కంటే నువ్వు పుట్టుకతో కట్టుబడిన ఒడంబడిక, ఆమె తిన్నాకే నీ పళ్ళెం అని అమ్మ చెప్పి చెప్పి పెంచింది. పందొమ్మిదేళ్ళు నీ వెనకే తిన్నాను. ఇప్పుడు నా వైపు రెండు మాటలు రాయలేవా?

అమ్మ చాపలు తీసిందా? అయితే సరే. ఇంక నాకేం భయం.

ఫాతు


ఫనువాలీ,
బుధవారం, 13 ఆగస్టు

ఫాతూ,

నీ ఉత్తరం వచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకని ముందు జరిగింది రాస్తాను, తర్వాత నీ కోపం.

సోమవారం పదకొండున్నరకి నింపాను. ఏడు: లేదు. ఎనిమిది: లేదు. తొమ్మిదో ప్రశ్న కొట్టినవారి పేరు అడిగింది. నీ పేరు రాశాను. సంతకం చేసి ఫ్యాక్స్ పంపాను. రెండు గంటలకి విమానం వస్తోందని కబురొచ్చింది.

మంగళవారం తెల్లవారుతుండగా మనవాళ్ళు ఇఫోగాకి వెళ్ళారు. నాన్న, పెదనాన్న, వాళ్ళ కొడుకులు, మొత్తం ముప్పై ఒక్క మంది. బీచి దగ్గర గ్లెన్ భార్య జోవాన్, ఆమె అన్న ట్రెవర్ దిగిన బస ముందు వరసగా నేల మీద కూర్చుని తలల మీదుగా చాపలు కప్పుకున్నారు. ఎదురుగా పొయ్యిరాళ్ళు, కట్టెలు పేర్చారు. మేము తప్పు చేశాం, మమ్మల్ని కాల్చుకు తిన్నా మీ ఇష్టం అని దానర్థం. పలాంగికి ఆ సంగతి ముందుగా వెళ్ళి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. మన్నింపు అడగడానికి వచ్చినవాళ్ళని చూసి ఎవరైనా భయపడతారని మనలో ఎవరం అనుకుంటాం?

ట్రెవర్ తలుపు తీశాడు. మసక వెలుతురులో ముప్పై మంది మగవాళ్ళు, రాళ్ళు, కట్టెలు. లోపలికి పోయి పడవ తెడ్డు తెచ్చాడు. అరుస్తూ వచ్చి ముందు వరసలో మధ్యనున్న చాప మీద కొట్టాడు. అది నాన్న. ఎముక విరిగిన చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినిపించింది. మళ్ళీ కొట్టాడు. నాన్న లేవలేదు. చాప కూడా తొలగించలేదు. పక్క చాప కిందినుంచి పెదనాన్న కొడుకు లేవబోతే నాన్న "కూర్చోరా. నీ తల నీది కాదివాళ" అన్నాడు. మూడో దెబ్బకి తెడ్డు చీలింది. చాప అంచునుంచి రక్తం ఇసుకలోకి కారింది. చెట్ల వెనక ఊరి కుర్రాళ్ళంతా కత్తులతో నిలబడి ఉన్నారు. ఒక్కడు అడుగు వేసుంటే ఆ బసలో ఎవరూ మిగిలేవారు కాదు.

అప్పుడు జోవాన్ పరుగెత్తుకొచ్చి ట్రెవర్‌ని తోసేసి, నాన్న మీద చాప ఎత్తింది.

చాప ఎత్తగానే మనవాళ్ళు ఏడ్చారు. పెదనాన్న లేచి కృతజ్ఞతలు చెప్పాడు, చాలాసేపు. చాపలన్నీ ఆమె ముందు పెట్టి వచ్చేశారు. మధ్యాహ్నం గ్లెన్‌ని పడవలో ఆపియాకి, అక్కడినుంచి విమానంలో తీసుకెళ్ళారు. జోవాన్ కూడా వెళ్ళింది.

నాన్న మెడపక్క ఎముక విరిగింది, చెవి చీలింది. పదహారు కుట్లు. గ్లెన్ లేచిన మంచం మీదే పడుకోబెట్టాం, ఉన్నది ఒక్కటే కదా. ట్రెవర్ మీద ఫిర్యాదు ఇమ్మని పోలీసు అడిగితే, చాప కింద కూర్చున్నవాడికి ఫిర్యాదేమిటి అన్నాడు.

నువ్వు నన్ను తిడతావని తెలుసు. గట్టిగానే తిట్టు.

సిసిలియా


ఆపియా
శనివారం 16

సిసిలియా,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

నిన్న ఇన్‌స్పెక్టర్ నన్ను కూర్చోబెట్టి నీ కాగితం చదివాడు. "మద్యం, లేదు. గొడవ మొదలుపెట్టాడా, లేదు. కింద సంతకం ఎవరిదో చెప్పు చూద్దాం" అన్నాడు. వాడు తాగి నాన్నని కొట్టాడు సార్ అన్నాను. "మీ అక్క అబద్ధాలాడుతుందా? కాన్వెంటు పిల్ల" అన్నాడు. ఏమనాలి? అవును అబద్ధమే అని నీ మీద చెప్పమంటావా? నోరు మూసుకున్నా. దానికో లెంపకాయ. మాట్లాడు అని ఇంకోటి. ఊళ్ళో వాళ్ళనీ అడిగారట. ఎవరూ చూడలేదట, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నారట! మూడు వందల మంది భక్తులు!

ఆ తెడ్డు వాడెక్కడున్నాడు? వెళ్ళిపోయాడా? ఉంటే చెప్పు. బయటికి రాగానే ఆ చేతులు రెండూ మోచేతుల దగ్గర విరగ్గొట్టి సముద్రంలో ఈదమంటాను.

సరే, అది పోనీ. ఆమె చాప ఎత్తింది కదా. ఎత్తాక ఇంకేముంది? మన్నించినట్టే. మన తాతల నాటి నుంచి అంతే కదా. మరి నన్నెందుకు వదలరు? ఇన్‌స్పెక్టర్‌ని అడిగితే ఆమె ఆక్లాండ్ నుంచి వాంగ్మూలం పంపింది, శిక్ష పడాలంటోంది అన్నాడు. ఎత్తిన చాప మళ్ళీ కప్పే ఆడది ఎక్కడైనా ఉంటుందా? నువ్వు ఆమెకేం చెప్పావు? ఆ రోజు అక్కడ ఇంగ్లీషు వచ్చింది నీ ఒక్కదానికే.

నాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించకు.

ఫాతు


ఫనువాలీ,
బుధవారం, 20 ఆగస్టు

తమ్ముడూ,

నువ్వు అక్కా అనకపోయినా నేను తమ్ముడూ అనే రాస్తాను.

ట్రెవర్ వెళ్ళిపోయాడు. నాన్న కుడిచెయ్యి భుజం పైకి లేవడం లేదు. ఇక వల విసరలేడు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చేపలు కూడా కాస్త విశ్రాంతి తీసుకుంటాయిలే అంటాడు. ఆ మాట అన్నాక మాత్రం చాలాసేపు ఎవరివైపూ చూడడు.

నువ్వు అడిగినదానికి జవాబు. జోవాన్‌కి నేను చెప్పింది తక్కువ, చెప్పనిది ఎక్కువ. ఆమె చాప ఎత్తింది మన్నించడానికి కాదు ఫాతూ. రక్తం కారుతోందని ఎత్తింది. ఎత్తి నాన్న మొహం చూసి నన్ను "ఈయన చచ్చిపోయాడా?" అని అడిగింది. ఆ మాట నాకొక్కదానికే అర్థమైంది. అప్పటికే మనవాళ్ళు ఏడుస్తున్నారు, పెదనాన్న లేచాడు. ఆయన ఏమంటున్నాడని ఆమె అడిగితే థాంక్స్ చెబుతున్నాడు అన్నాను. దేనికి అని ఆమె అడగలేదు. చెట్ల వెనక కత్తులున్నాయి. ఆమె మన్నించలేదు అని ఆ క్షణాన నేను అరిచి చెప్పగలనా? నువ్వయితే చెప్పేవాడివా?

ఊళ్ళో అందరూ ఆమెని పొగుడుతున్నారు. ఆదివారం గుడిలో ఆమె పేరున ప్రార్థన చేశారు. నేను తలవంచుకుని కూర్చున్నాను.

గ్లెన్ తల తెరిచారు. బతికాడు. ఆక్లాండ్ ఆసుపత్రివాళ్ళు మా దగ్గరున్న రికార్డు అడుగుతూ ఫ్యాక్స్‌లో చెప్పారు. కుడివైపు కాలూ చెయ్యీ సరిగ్గా పనిచేయవట. కాబట్టి నీ మీద పెట్టేది హత్య కేసు కాదు, తీవ్రగాయం కేసు. ఆ ఒక్కటి నేను సంపాదించాను. దానికి ఏం పోగొట్టానో కూడా తెలుసు.

సెప్టెంబరు పన్నెండున విచారణ. వచ్చి, ఆ కాగితంలో రాసింది అబద్ధమని జడ్జి ముందు చెబుతాను.

అక్క


ఆపియా
సెప్టెంబరు 2

అక్కా,

ఇదుగో, అన్నాను. చాలా?

రావద్దు. నాకిచ్చిన వకీలు ముసలాయన, చెవుడు, కానీ మంచివాడు. ఆయనకి నీ సంగతి చెప్పాను. నువ్వు నిలబడి అబద్ధం రాశానంటే ముందు నీ ఉద్యోగం పోతుంది అన్నాడు. తర్వాత ఇన్సూరెన్సువాళ్ళు విమానం ఖర్చు, ఆసుపత్రి ఖర్చు ఆ జోవాన్ నెత్తిన పెడతారు. ఆ తర్వాత మన దీవి నుంచి ఏ పలాంగికి ఫారం వెళ్ళినా ఎవరూ నమ్మరు. రేపు ఎవడో నిజంగా చేపముల్లు దిగి చస్తుంటే విమానం రాదు. అప్పుడు ఎవరి మీద పడుతుంది?

నువ్వు వచ్చేది నా కోసమా, నీ పాపం కడుక్కోవడానికా? పాపం కడుక్కోవాలంటే అక్కడ ఫాదర్ ఉన్నాడు, ఒప్పుకోలు పెట్టె ఉంది, మూడు జపమాలలు చెబితే సరిపోతుంది.

మళ్ళీ కొట్లాట అయింది. ఈసారి నా తప్పు కాదు. ఒకడు నిద్రలో నా దుప్పటి లాగాడు, లాగింది దుప్పటే అని నాకెలా తెలుస్తుంది? లేచి ఆ చీకట్లో చేతికందింది పట్టుకుని కొట్టాను. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదట. ఆ సంగతి నాకు గుర్తులేదు. ముక్కువాడు చెప్పాడు. ఇప్పుడు వాడు నాకు దూరంగా పడుకుంటున్నాడు.

నాన్నని అడిగానని చెప్పు.

ఫాతు


ఫనువాలీ,
మంగళవారం, 9 సెప్టెంబరు

తమ్ముడూ,

శుక్రవారం మొదటి పడవకి బయల్దేరి కోర్టుకి వస్తున్నాను. లగీ నర్సుకి చెప్పాను. "నీకు పిచ్చి పట్టిందే పిల్లా" అంటూనే తన మంచి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

నువ్వు రాసిన కారణాలన్నీ నిజమే. వాటి గురించి నాలుగు రోజులు ఆలోచించాను. నా ఉద్యోగం నేను చూసుకుంటాను. జోవాన్ సంగతి నాకు భయంగానే ఉంది. అయినా నేను రాసిన ఆ రెండు మాటల వల్ల నీకు ఎక్కువ ఏళ్ళు పడితే, ఆ ఏళ్ళన్నీ నేను ఇక్కడ ఆ ఫారం నింపిన బల్ల ముందే కూర్చుని గడపాలి. అది నా వల్ల కాదు.

ఒక్కటి చెప్పాలి. ప్రమాణం చేశాక అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాలి. నాకు అనుకూలమైన రెండు చెప్పి దిగిపోనివ్వరు. ఆ సాయంత్రం నేను ఆరోగ్యకేంద్రం మెట్ల మీద ఉన్నాను. నేను కళ్ళు మూసుకోలేదు.

వస్తున్నాను.

అక్క


ఆపియా
శనివారం, సెప్టెంబరు 13

అక్కా,

నిన్న నువ్వు కోర్టు వరండాలో ఎంతసేపు కూర్చున్నావో వకీలు చెప్పాడు. ఎవరిదో చొక్కా, చేతులు పొట్టిగా ఉన్నాయట.

గురువారమే అయిపోయింది. నీ ఉత్తరం బుధవారం అందింది. వెంటనే వకీలుని పిలిపించి నేరం ఒప్పుకుంటానన్నాను. కాగితంలో ఎలా ఉందో అలాగే. తాగలేదు, మొదలుపెట్టలేదు, నేనే ఊరికే కొట్టాను. ఒప్పుకున్నాక సాక్షులు అక్కర్లేదట. జడ్జి ఇఫోగా చేశారని కొంత తగ్గించాడు. నాన్న భుజం సంగతి కూడా అడిగాడు. నాలుగేళ్ళు.

మా అక్క రాసింది నిజమే అని నా నోటితో చెప్పాను. ఇక నిన్ను ఎవరూ అబద్ధాలకోరు అనలేరు. నీ కోసం చేశాను. ఏడవకు. ఏడిచినా కళ్ళద్దాలు తీసి ఏడువు, ఇదివరకటిలా వాటి ఫ్రేముకి తుప్పు పట్టించకు.

ఒక్కటే అడుగుతాను. పోలీసు కాగితంలో ఒక కథ ఉంది. ఊళ్ళో ఒకటి ఉంది. ఇక్కడ నేను అందరికీ చెప్పేది ఇంకొకటి. చెప్పి చెప్పి నాకే తెలియకుండా పోతోంది. నువ్వు చూసింది చూసినట్టు నీ చేత్తో రాసి పంపు. నీ దస్తూరీలో ఉంటే నమ్ముతాను. ఎవరికీ చూపించను.

ఫాతు


ఫనువాలీ,
సోమవారం, 22 సెప్టెంబరు

ఫాతూ,

తొమ్మిది రోజులు పట్టింది. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

అతను తాగి ఉన్నాడు. మొదటి దెబ్బ అతనిదే. నాన్న రెండు చేతులతో మూతి పట్టుకుని కూర్చుండిపోయాడు. నువ్వు కాపలా వరసలోంచి పరుగెత్తావు.

నీ మొదటి దెబ్బ అతని చేతి మీద పడింది. సీసా ఎగిరి దారి పక్క రాళ్ళ మీద పగిలింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యెత్తాడు. కొట్టడానికి కాదు. అరచెయ్యి నీ వైపు ఉంది. వద్దు అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో అన్నా మన దీవిలో తెలియనివాళ్ళు లేరు.

రెండోసారి కొట్టావు. చెవి వెనక దిగింది అదే.

మూడోది అతను మొహం కిందకి పడి ఉండగా వీపు మీద వేశావు. నాలుగోది వేయబోతుంటే నాన్న నీ కాళ్ళు పట్టుకున్నాడు. నెత్తురు నోటితో నాన్న నీ పేరు పిలుస్తున్నాడు. నువ్వు వినలేదు. వినబడలేదనే నేను అనుకుంటున్నాను.

ఆ ఫారంలో పదకొండు ప్రశ్నలున్నాయి. ఎన్నిసార్లు కొట్టాడు అని ఒక్కటీ అడగలేదు. అడగలేదు కాబట్టి రాయలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగినప్పుడు ఫారంలో ఉంది చూసుకోండి అన్నాను. నీకు వ్యతిరేకంగా రెండు అబద్ధాలు రాశానని నువ్వు నన్ను తిట్టిన నెలంతా, నీ కోసం ఒక నిజం మింగి కూర్చున్నాను. కోర్టులో నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. అది నీకు ముందే రాశాను. నువ్వు చదివి, గురువారమే ఒప్పుకున్నావు.

నా కోసం చేశానన్నావు. నమ్ముతాను. ఇంకేం అడగను.

ఆదివారం జైల్లో చూడ్డానికి రానిస్తారట. నాన్న నన్ను ఒక్కదాన్నే వెళ్ళమన్నాడు. గేటు దగ్గర కూర్చుంటాను, రెండు గంటల నుంచి నాలుగు దాకా. రావాలో వద్దో నువ్వే చూసుకో. రాకపోతే మళ్ళీ ఆదివారం వస్తాను.

నీ అక్క,
సిసిలియా